అత్తమ్మ ప్రమాణం చేసిన రోజు

నేను వేంసూరు నుంచి బూర్గంపాడుకు కోడలిగా వచ్చిన మొదటి నెలలోనే ఒక కానిస్టేబుల్ మా అరుగు మీద వచ్చి కూర్చున్నాడు. "మీ అత్తమ్మ లేదా?" అని అడిగాడు. నేను తలుపు చాటుకు జరిగాను. అత్తమ్మ మాత్రం చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆయన చూపించిన చోట సంతకం పెట్టి, టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

కానిస్టేబుల్ వెళ్లాక మామయ్య నన్ను కూర్చోబెట్టి చెప్పారు. ఆయన రంగూన్‌లో బియ్యం మిల్లు గుమాస్తాగా ఉన్నప్పుడు పక్కింటి బర్మా అమ్మాయిని పెళ్లి చేసుకున్నారు. మనవాళ్లు ఆ దేశం విడిచి రావలసి వచ్చినప్పుడు ఆమె పిల్లవాణ్ణి చంకనెత్తుకుని ఆయన వెంట ఓడ ఎక్కింది. ఆ పిల్లవాడే మా ఆయన. ఇదంతా పెళ్లికి ముందే విన్నాను. అత్తమ్మ ఇంకా పరాయిదేశస్థురాలేనని, ఏటా ఠాణాలో అనుమతి తీసుకోవాలని, ఊరు దాటి కొన్నాళ్లుండాలన్నా చెప్పి వెళ్లాలని మాత్రం నాకు తెలియదు.

"మరి ఇక్కడి పౌరసత్వం అడగొచ్చు కదా మామయ్యా?"

"నేనెప్పుడో అడగమన్నాను. ఆమే వద్దంటుంది."

ఒకరోజు చింతపండు గింజలు తీస్తూ అత్తమ్మనే అడిగాను. తలెత్తకుండా చెప్పింది. "గిది తీసుకుంటే గది ఇడిసిపెట్టాలంట బిడ్డా. మా అమ్మ ఇంకా ఉంది. ఎప్పుడన్న పోతే, ఏ దేశమామెవని నన్ను ఆపితే?"

మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

కొన్నేళ్లకు, రంగూన్ నుంచి ఆలస్యంగా తిరిగొచ్చిన ఒక కుటుంబం భద్రాచలం రామయ్య దర్శనానికి వచ్చి మా ఇంట్లో దిగింది. వాళ్లే చెప్పారు, అత్తమ్మ తల్లి పోయి రెండేళ్లయిందని. అత్తమ్మ ఏడవలేదు. గోదావరి చేపలు తెప్పించింది. పెరట్లో గెల కోసిన అరటిచెట్టు నరికించి, లోపలి దూట సన్నగా తరిగి, చేపలతో పులుసు కాచి, సేమ్యా మీద పోసి అందరికీ పెట్టింది. వాళ్లమ్మ పొద్దున్నే అమ్మే వంటకమట. మేం తింటుంటే గడప దగ్గర కూర్చుని చూసింది. తను తినలేదు. నేను కలిపి ముద్ద నోటికందిస్తే అప్పుడు కళ్లు తుడుచుకుంది.

వానాకాలం వెళ్లాక ఒక పొద్దున మామయ్యతో, "ఇంక దరఖాస్తు పెట్టు," అన్నది.

విచారణకు వచ్చిన ఉద్యోగి వీధిలో ఆరా తీశాడు. ఎదురింటి ముసలమ్మ ఆయన మీద విసుక్కుంది. "బర్మా ఏంది సారూ. గామె మా బజారామె. నా కోడలికి పురుడు పోసింది గామెనే." ఆయన నవ్వుకుంటూ రాసుకుని వెళ్లాడు.

ఆ తర్వాత చాలాకాలం ఏ కబురూ లేదు. ప్రమాణం చేయడానికి రమ్మని కబురు వచ్చాక, ఖమ్మం కలెక్టరాఫీసుకు అందరం బస్సులో వెళ్లాం. అత్తమ్మకు తెలుగు మాట్లాడటం బాగా వచ్చు గానీ చదవడం రాదు. అందుకని ఆఫీసరు ఒక్కో మాటా చదువుతుంటే ఆమె పలకాలి. తండ్రి పేరు చెప్పి ఆగిపోయింది. ఏ మాటకు నోరు తిరగలేదోనని నేను ముందుకు వంగాను.

"సారూ, ఒకటి అడగాలె," అన్నది. "ఈ దేశానికి కట్టుబడి ఉంటనని చెప్త. నిజంగనే ఉంట. ఆ దేశాన్ని ఏమన్న చెడ్డగ అనాల్నా?"

ఆఫీసరు కాగితం కింద పెట్టారు. "లేదమ్మా. అట్లాంటి మాట ఇందులో ఒక్కటీ లేదు."

"అట్లనా. అయితే చదువుండ్రి."

తర్వాతి మాటలన్నీ ఎక్కడా తడబడకుండా, బయట వరండాలో ఉన్నవాళ్లకు కూడా వినబడేలా పలికింది. మామయ్య కళ్లద్దాలు తీసి పైపంచెతో తుడుస్తూనే ఉన్నారు.

ఆ తర్వాత వచ్చిన ఎన్నికల్లో ఆమె మొదటిసారి ఓటేసింది. నేను నేయించి ఇచ్చిన చీర కట్టుకుని, మా అందరికంటే ముందు బడికెళ్లి వరుసలో నిలబడింది. ఇంటికొచ్చాక మామయ్య, "ఎవరికి వేశావు?" అని అడిగారు.

"చెప్పొద్దంట గదా," అని అన్నం వడ్డించింది.

ఆయన ఎన్ని రకాలుగా అడిగినా, అత్తమ్మ బతికినన్నాళ్లూ చెప్పనే లేదు.