కుడి కాలి పిండికట్టు

అమెరికాలో నేనొక వస్తాదును నేల కరిపించాను. మామూలు వస్తాదు కాదు. ఆరడుగుల పైన మనిషి, డొమినికన్ రిపబ్లిక్ వాడు, ప్రతి శనివారం టీవీలో కనిపించేవాడు. ఈ మాట మా వాళ్ల పార్టీల్లో నలభై ఏళ్లుగా చెబుతున్నాను. చెప్పినప్పుడల్లా ఆయన బరువు కాస్త పెరుగుతూ వచ్చింది.

జరిగింది ఇది. ఎనభైల మొదట్లో, మిషిగన్‌లోని ట్రాయ్‌లో, మా అపార్ట్‌మెంట్ పార్కింగ్ లాట్‌లో నా కార్ మంచులో కూరుకుపోయింది. పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండే ఆయన వచ్చి వెనకనుంచి తోశాడు. నేను గ్యాస్ తొక్కాను. కార్ ఒక్కసారిగా ముందుకు దూకింది, ఆయన మంచులో బోర్లా పడ్డాడు. కుస్తీ అంతే.

దిగి పరుగెత్తాను. ఆయన లేవడం చూసి నా నవ్వు ఆగిపోయింది. ముందు రెండు చేతులూ ఆనించాడు. తర్వాత కుడి కాలు మోపాడు. ఎడమ కాలిని మాత్రం ఎవరిదో సామానులా వెంట లాక్కున్నాడు.

"మోకాలా?" అన్నాను.

"నీ కార్ తప్పు కాదులే. ఇది పాతది."

"నేను డాక్టర్‌ని, చూడనీ."

ఇదీ పొంగించిన మాటే. గుంటూరులో చదివిన ఎంబీబీఎస్ ఉన్న మాట నిజం. ఇక్కడి ఎగ్జామ్ మాత్రం ఇంకా పాస్ కాలేదు. డెట్రాయిట్‌లో ఒక హాస్పిటల్‌లో పిండికట్లు వేసే గదిలో పని చేస్తున్నాను. ఏ ఎముక విరిగిందో డాక్టర్లు చెబుతారు, నేను పట్టీ తడిపి చుడతాను. అయినా ఆ పొద్దుటినుంచీ ఆయన నన్ను స్పానిష్ యాసలో "దొక్తోర్" అనే పిలిచాడు. నేనూ దిద్దలేదు. ఆ రోజుల్లో అలా పిలిచేవాడు ఇంకెవడూ లేడు మరి.

ఆయన పుట్టింది శాంటో డొమింగోలో, రేవు పక్క పేటలో. తండ్రి ఓడల్లోకి పంచదార బస్తాలు ఎత్తేవాడు. అక్కడ మగపిల్లలందరికీ బేస్‌బాల్ పిచ్చి. "నాకు బంతి కనపడేది కాదు, మనిషి కనపడేవాడు, అందుకని కుస్తీ" అనేవాడు. డెబ్బైల చివర్లో న్యూయార్క్ వచ్చి అక్కణ్నుంచి ఊరూరా తిరిగాడు. ఒక ఊళ్లో క్యూబా వాడి వేషం, ఇంకో ఊళ్లో మెక్సికో వాడి వేషం, మరో ఊళ్లో ముసుగేసుకుని ఏ దేశమూ లేనివాడి వేషం. డొమినికన్ కావాలని ఎవరూ అడగలేదట. మిషిగన్ వచ్చాకే సొంత జెండా రంగుల నిక్కరు వేసుకోనిచ్చారు. ఇక్కడ ఆయనది మంచివాడి పాత్ర.

అప్పటికే అలిసిపోయి ఉన్నాడు. ఒకరోజు ఫ్లింట్, మర్నాడు టొలీడో, ఆ మర్నాడు ఏదో హైస్కూల్ జిమ్. ఆట అయ్యాక ఆ చెమట బట్టలతోనే డ్రైవ్ చేసుకుంటూ వెనక్కి. రింగ్ చూడ్డానికి పరుపులా ఉంటుంది గానీ లోపల అంతా చెక్కే. సిక్ లీవ్ అన్న మాట లేదు, రింగ్ ఎక్కితేనే కూడు. మా హాస్పిటల్ ఎముకల డాక్టర్‌ని బతిమాలి ఆ మోకాలు చూపించాను. "ఆరు వారాలు దీనిమీద బరువు పడకపోతే ఇంకో రెండు మూడేళ్లు పనికొస్తుంది. లేదంటే ఏదో ఒకరోజు రింగ్‌లోనే పోతుంది" అన్నాడాయన.

ఆరు వారాలు ఎక్కణ్నుంచి వస్తాయి? దానికి మా వస్తాదే ఉపాయం కనిపెట్టాడు.

ఆ ఆటలో ఎవరు గెలవాలో, ఎవరు ఓడాలో ముందే మాట్లాడుకుంటారు. దెబ్బలు నిజమే, శత్రుత్వం ఉత్తుత్తిది. కానీ ఆ సంగతి బయట ఒప్పుకోకూడదు, అది వాళ్ల కట్టుబాటు. మంచివాడూ చెడ్డవాడూ ఒకే కార్‌లో వెళ్లకూడదు, ఒకే హోటల్లో తినకూడదు. టీవీలో ఈయన శత్రువు ఒక బట్టతల ఆయన. నిజానికి న్యూయార్క్‌లో ఒకే గదిలో ఉన్నప్పటినుంచీ ప్రాణ స్నేహితుడు. ఈయన, పోటీలు పెట్టించే ప్రమోటర్ దగ్గరికి వెళ్లి, బట్టతల నా కాలు విరగ్గొట్టినట్టు చూపించండి, ఆరు వారాలయ్యాక పగ తీర్చుకోవడానికి వస్తాను, హాలు నిండిపోతుంది అన్నాడు. ప్రమోటర్‌కి నచ్చింది. ఏ కాలైతే ఆయనకేం? ఎడమ కాలు అనుకున్నారు.

శనివారం నేను సోఫాలో కూర్చుని చూస్తున్నాను. బట్టతల ఆయన వెనకనుంచి వచ్చాడు, ఇనప కుర్చీ ఎత్తాడు, కుడి కాలిమీద కొట్టాడు.

"ఆ కాలు కాదు!" అని నేను లేచి అరిచాను. నిండు గర్భంతో ఉన్న మా ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

కెమెరాలు కుడి పక్కన పెట్టారట. ఎడమ కాలు కొడితే కనపడదని ఎవరో సైగ చేశారట. బట్టతల ఆయన ఫోన్‌లో ఏడ్చినంత పని చేశాడట. ఇప్పుడేం చేసి ఏం లాభం? చూసిన వాళ్లంతా కుడి కాలు విరగడమే చూశారు.

అలా నా సర్వీసులో మొదటిసారి, చివరిసారి, ఏ జబ్బూ లేని కాలికి పిండికట్టు వేశాను. మెడికల్ షాప్‌లో సామాను కొని, ఆయన వంటింటి బల్లమీద వేశాను. ఆరాక కొబ్బరిచిప్పల్లా రెండుగా కోసి, మళ్లీ మూసి బిగించుకునేలా లోపల పట్టీలు పెట్టాను. బయటికెళ్తే తొడుక్కోవడం, ఇంట్లో విప్పేయడం. మంచి పనితనం అది. ఎవరూ కనిపెట్టలేదు.

చిక్కల్లా ఏమిటంటే, కుడి కాలికి కట్టు ఉన్నంతసేపూ మనిషి బరువంతా ఎడమ మోకాలిమీదే. కర్రలు సాయం పడతాయి, ఎంతని పడతాయి? ప్రమోటర్ ఆయన్ని ప్రతి ఆటకీ పిలిచి, కర్రలతో రింగ్ పక్కన నిలబెట్టి జనానికి చూపించేవాడు. ఇంటికొస్తే బిల్డింగ్‌లో పిల్లలు కట్టుమీద పేర్లు రాస్తామని తలుపు తట్టేవాళ్లు. ఆయనకు కట్టు విప్పగలిగిన చోటు ఒక్కటే మిగిలింది. మా ఇల్లు. ఆదివారం భోజనానికి వచ్చి, తలుపు గడియ పెట్టాక కట్టు విప్పి మూల నిలబెట్టేవాడు. ఎడమ కాలు స్టూల్‌మీద చాపుకుని, మోకాలిమీద ఐస్ పెట్టుకుని, తినకముందే నిద్రపోయేవాడు. రెండు ఆదివారాలు అలా గడిచాయి. వాపు కొంచెం తగ్గింది కూడా.

మూడో వారం మా ఆవిడ కాన్పుకని మా అత్తగారు దిగారు.

ఆవిడది బాపట్ల వైపు. ప్రార్థన లేకుండా మంచినీళ్లు కూడా తాగని మనిషి. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. వచ్చిన మొదటి శనివారమే టీవీ ముందు కూర్చుని కుస్తీ చూడ్డం మొదలుపెట్టారు.

"మీకు అర్థమవుతుందా అత్తయ్యగారూ?"

"కుస్తీకి ఇంగ్లీషెందుకు బాబూ? ఎవరు మంచోడో ఎవరు కాదో మొహాల్లో తెలీట్లా?"

కాలు విరిగిన సీను వాళ్లు ప్రతివారం మళ్లీ మళ్లీ వేసేవాళ్లు. ఆవిడ చూశారు. ఆ మనిషి మా పక్కింట్లోనే ఉంటాడని తెలిశాక ఇక ఆగలేదు. ఆదివారం ఆయన వచ్చేసరికి స్టూల్ వేసి, దానిమీద కొత్త దిండు పెట్టి సిద్ధంగా ఉన్నారు.

"రా నాయనా. కాలు ఇట్టా పెట్టు." కుడి కాలు రెండు చేతులతో ఎత్తి దిండుమీద పెట్టారు. "బాబూ, ఈ కట్టు మీరే గదా వేసింది? గట్టిగా వేశారా?"

"వేశానండీ."

"ఎనకమాటున వచ్చి కొట్టాడు గానీ ఆ దొంగసచ్చినోడు, ఎదురుగా వస్తే ఈ అబ్బాయి చేతిలో ఒక్క దెబ్బకి చాలడు. చెప్పండి ఆయనకి."

చెప్పాను. ఆయన గంభీరంగా తలూపి, "అతణ్ని వదలనని దోన్యాకి మాటిస్తున్నా" అన్నాడు. దోన్యా అంటే వాళ్ల భాషలో అమ్మగారు. ఆ దొంగసచ్చినోడే ముందురోజు మోకాలికి ఐస్ బ్యాగ్ కొని పంపాడని నాకు తెలుసు.

భోజనం పెట్టారు. పప్పు, అరటికాయ వేపుడు. ఆయన తిని, అన్నం గిన్నె అడుగున అంటుకున్న మాడుచెక్క ఉందా అని అడిగాడు. వాళ్ల దేశంలో దానికోసం అన్నదమ్ములు కొట్టుకుంటారట. అత్తగారు నమ్మలేక నన్ను రెండుసార్లు అడిగి, అట్లకాడతో గీకి తెచ్చి వేశారు. "మా ఇంట్లో ఇది నా వంతు. అడిగినోడు ఈయనొక్కడే" అన్నారు. ఆయన కరకరా నములుతున్నాడు. బల్ల కింద ఎడమ మోకాలు మడతపడి వణుకుతోంది. దాన్ని చేత్తో అదిమి పట్టుకుని నవ్వుతున్నాడు.

వెళ్లేటప్పుడు అత్తగారు కుడి కాలిమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. "ప్రభువా, విరిగిన ఈ కుడి కాలిని ముట్టు తండ్రీ." నేనూ కళ్లు మూసుకుని, ఎడమది కూడా అని లోపల కలుపుకున్నాను. సాయంత్రం మా తెలుగు ఆరాధనలో, అమెరికన్ల చర్చి బేస్‌మెంట్‌లో, లేచి నిలబడి సంఘం అంతటితోనూ కుడి కాలికోసం ప్రార్థన చేయించారు.

ఆ రాత్రి ఆయన గుమ్మం దగ్గర చెప్పాను. "ఇలా అయితే నీ మోకాలు పోతుంది. ఆవిడకి చెప్పేద్దాం. మా ఇంట్లోనన్నా కట్టు విప్పుకోవాలి కదా."

"ఆవిడ మీ చర్చికి చెబుతుంది. మీ చర్చిలో పిల్లలు స్కూల్లో చెబుతారు. మర్నాడు నాకు పని ఉండదు."

"చెప్పొద్దని అడుగుతాను."

ఆయన కర్రలు గోడకి ఆనించాడు. "మా అమ్మకే చెప్పలేదు దొక్తోర్. నేను తిన్న ప్రతి దెబ్బకీ నిజంగా ఏడ్చింది. అలా నమ్ముతూనే పోయింది. అమ్మకి చెప్పనిది మీ అత్తగారికి ఎలా చెప్పను?"



మిగిలిన ఆదివారాలన్నీ అలాగే. కుడి కాలికి దిండు, కట్టు బయటి వేళ్లకి కొబ్బరి నూనె, ప్రార్థన. ఎడమ కాలికి ఏమీ లేదు. మానేయవయ్యా భోజనానికి రావడం అన్నాను. మాడుచెక్క మానలేనన్నాడు. అది మాడుచెక్క కోసం కాదని ఇద్దరికీ తెలుసు.

పగ తీర్చుకునే ఆట టీవీలో వచ్చింది. ఆ ఆటలో రింగ్ పక్కన డాక్టర్‌గా నేనే ఉన్నానని చాలామందికి చెప్పాను. లేను. కొత్తగా పుట్టిన మా పాపను ఒళ్లో పెట్టుకుని సోఫాలో ఉన్నాను. పక్కన అత్తగారు, చేతిలో బైబిలు. మొదట బాగానే ఆడాడు. తర్వాత తాడు ఎక్కి దూకాడు. ఎడమ కాలు నేలకు తగిలిన తీరు చూసి నేను మొహం తిప్పుకున్నాను. పడినవాడు లేవలేదు. మామూలుగా అయితే ఇంకా చాలాసేపు కొట్టుకోవాలి. బట్టతల ఆయన దగ్గరికొచ్చి, జుట్టు పట్టుకుని కొట్టబోతున్నట్టు వంగి, ఏదో అడిగాడు. వెంటనే తానే కాలు జారినట్టు వెల్లకిలా పడి, స్నేహితుణ్ని తన మీదికి లాక్కున్నాడు. కదలకుండా పడుకున్నాడు. రిఫరీ మూడు లెక్కపెట్టాడు, కింద ఉన్నవాడు ఓడినట్టు. హాలంతా లేచి నిలబడింది.

"గెలిచాడు! స్తోత్రం!" అని అత్తగారు చప్పట్లు కొట్టారు. ఆయన్ని ఇద్దరు పట్టుకుని దింపుతుంటే చూస్తూ ఉండిపోయారు. "బాబూ... ఆ ఎడమ కాలు ఈడుస్తున్నాడేం?"

నేను పాపను సముదాయిస్తున్నట్టు నటించాను.

ఆయన మళ్లీ రింగ్ ఎక్కలేదు. న్యూయార్క్‌లో చెల్లెలు ఉంటున్న బిల్డింగ్‌లో బాయిలర్లూ లిఫ్టులూ చూసుకునే పని దొరికింది. వెళ్లే ముందు ఆదివారం భోజనానికి వచ్చాడు. కట్టు లేదు, చేతికర్ర ఉంది. స్టూల్ ఎప్పటిలాగే కుడి పక్కన ఉంది. ఆయన కూర్చుని, అలవాటుగా కుడి కాలు ఎత్తి దిండుమీద పెట్టాడు. అప్పుడు కూడా.

ఇక్కడ అందరికీ చెప్పే కథలో నేను లేచి నిలబడి, "అత్తయ్యగారూ, ఆ కాలు కాదండీ" అంటాను. విన్నవాళ్లు కళ్లు తుడుచుకుంటారు. నేను ఏమీ అనలేదు. పప్పు కలుపుకుంటున్నాను.

అత్తగారు అట్లకాడ పక్కన పెట్టి వచ్చారు. ఆయన మొహంలోకి చూశారు.  వంగి, కుడి కాలు మెల్లగా కిందికి దింపారు. స్టూల్ ఎడమ పక్కకి జరిపారు. దిండు దులిపి, ఎడమ కాలిని రెండు చేతులతో ఎత్తి దానిమీద పెట్టారు. ఆయన నా వైపు చూశాడు. నేను చెప్పలేదన్నట్టు తల అడ్డంగా ఊపాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు.

అత్తగారు వంటింట్లోకి వెళ్లి గిన్నె గీకడం మొదలుపెట్టారు.