మంగాయమ్మ కంటి కింది దెబ్బ

పటమటలో చేపలమ్మే మంగాయమ్మ నోటికి జడవనివాళ్ళు లేరు. అలాంటి మనిషి ఏడాదిగా ఇంట్లో అడుగు తీసి అడుగు వెయ్యడానికి భయపడుతోంది. మొగుడు పోలరాజుకు మతిమరుపు జబ్బు. కొల్లేటిలో వలేసుకుని బతికినన్నాళ్ళూ పెళ్ళాం మీద చెయ్యెత్తి ఎరగనివాడు, ఇప్పుడు ఒంటి మీద నీళ్ళు పడితే చాలు, చేతికేది దొరికితే దాంతో కొడతాడు.

తన పొరపాటూ ఉందని ఆస్పత్రిలో డాక్టరమ్మ చెప్పేదాకా ఆమెకు తెలీదు. వెనకనుంచి వెళ్ళి రెక్క పట్టుకునేది. నెత్తిన చెంబెడు నీళ్ళు గుమ్మరించేది. "నేనయ్యా, నీ పెళ్ళాన్ని!" అని అరిచి మరీ వాదించేది.

"వాదించకండి. ఎదురుగా వెళ్ళి మెల్లగా మాట్లాడండి. కోపమొస్తే కాసేపు పక్కకు తప్పుకోండి" అంది డాక్టరమ్మ.

మంగాయమ్మ అన్నీ నేర్చుకుంది. ముందు కాళ్ళు తడిపేది, సబ్బు ఆయన చేతికే ఇచ్చేది. కొన్నాళ్ళు బాగానే గడిచింది. కానీ మాయదారి జబ్బు ఊరుకుంటుందా? ఆదివారం స్నానం దగ్గర చెంబు విసిరాడు. ఆమె కంటి కింద పగిలింది.

కొడుకు గంగాప్రసాద్ మండిపడ్డాడు. "నిన్ను చంపేదాకా చూస్తా కూర్చోమంటావా? గుణదలలో ఇట్టాంటోళ్ళని చూసే హోమ్ ఉందంట. చేర్పించేద్దామమ్మా."

"నా కంఠంలో ప్రాణముండగా పంపను" అంది. అన్నదే గానీ, ఆయన కదిలితే చాలు, రెండడుగులు వెనక్కి వేస్తోంది.

మర్నాడు మధ్యాహ్నం కంచంలో అన్నం కలిపి ఆయన ముందు పెట్టింది. పోలరాజు ఆమె మొహంలోకి పరీక్షగా చూశాడు.

"ఆ దెబ్బేంది చెల్లెమ్మా?"

చెల్లెమ్మా! కట్టుకున్నవాడి నోట ఆ మాట! వాదించకూడదు కదా, నోటిదాకా వచ్చిన మాట మింగేసింది.

"మా ఆయన కొట్టాడండి."

"తాగొచ్చి కొట్టాడా?"

"లేదండి. జబ్బు చేసింది. మనిషి మంచోడే."

"ఏం మంచోడు!" ఆ గొంతు అచ్చం పాత పోలరాజుదే. "ఆడకూతురి మీద చెయ్యెత్తేవోడితో కాపరమేంది? వదిలెయ్. అన్నలాంటోణ్ణి చెప్తన్నా, ఇను." తన కంచంలో చేపముక్క తీసి ఆమె చేతిలో పెట్టాడు.

మంగాయమ్మ ఆ ముక్క పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఊరందరితో తగువులాడింది గానీ, ఆయన మాట ఏనాడూ జవదాటలేదు.

సాయంత్రం కొడుక్కి ఫోన్ చేసింది.

"ఆ హోమోళ్ళతో మాట్లాడరా అబ్బాయ్" అంది. "వదిలెయ్యమని మీ నాయనే చెప్పాడు."