పని నేర్పకుండా కూర్చోబెడితే పడే పుండు

మీ ఆఫీసులో సెలవులూ బదిలీలూ చూసే గుమాస్తా తీరిగ్గా అన్నం తింటుండగా మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండరు. మీరు వెళ్లేసరికి ఆయన పళ్లెం మూసేసి లేచి ఉంటాడు.

ఆ గుమాస్తాను నేనే. మెదక్ పట్టణంలో ఒక విద్యాశాఖ ఆఫీసు, అందులో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్. చుట్టుపక్కల బడుల పంతుళ్ల సెలవులు, బదిలీలు, ఇంక్రిమెంట్లు, తగాదాలు అన్నీ నా బల్ల మీదికే వచ్చేవి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో ఉర్దూ ఫైళ్ల మీద ఇంగ్లీషు రూల్సు వచ్చి పడ్డాయి. ఆ పని చూస్తున్న పెద్దాయన కడుపునొప్పితో రిటైర్మెంటుకు ముందే ఉద్యోగం మానుకున్నాడు. టైపు కొట్టుకుంటున్న నన్ను హెడ్ క్లర్కు పిలిచాడు.

"నీకు ఇంగ్లీషు మస్తు వస్తది గదా. పోయి ఆ కుర్చీల కూసో."

"రూల్సు ఎవరు నేర్పుతరు సార్?"

"కూసుంటే అవే వస్తయి."

అవి రాలేదు. నొప్పి వచ్చింది.

మొదటిసారి అది తెలిసింది ఒక ఎండాకాలం పొద్దున. బదిలీల రోజులు. మా దగ్గర అర్జీ ఆఫీసులో ఇచ్చినా మాట మాత్రం గుమాస్తా ఇంటికొచ్చి చెప్పుకోవాలి. వచ్చినవాళ్ల ముందు మనం తినకూడదు. టేక్మాల్ నుంచి ఒక పంతులు ముసలి తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. "జర చూడుండ్రి సార్. అమ్మకు పానం బాగలేదు. నన్ను గంత దూరం పంపకుండ్రి."

రూలు ప్రకారం అతనికి వీలుందో లేదో నాకే తెలియదు. తెలియదని చెప్పలేక "చూస్తా" అన్నాను. ఆ మాట అంటుండగానే పొట్ట పైభాగాన నిప్పుకణిక పెట్టినట్టయింది. కాసిని పాలు తాగితే తగ్గింది. ఎండవేడి అనుకుని ఆఫీసుకు పోయాను.

ఆ మంట రోజూ వచ్చింది. మా అమ్మ పట్టుబట్టింది. "ఏడుపాయలకు పోయి దుర్గమ్మకు మొక్కుదాం పా బిడ్డా. తల్లి కోపంల ఉన్నట్టుంది."

నేను ఊరుకుంటానా! "తల్లికి నా ఒక్కని మీదనే కోపమా? నాకంటే ముందు ఆ కుర్చీల కూసున్న పెద్దాయనకు గూడ గిదే నొప్పి గదా?" అని వాదానికి దిగాను.

అమ్మ తడుముకోలేదు. "గట్లయితే దిష్టి కుర్చీకే తగిలింది. దానికో నిమ్మకాయ కట్టు."

నా భార్య నవ్వింది కానీ ఆ నవ్వు వెంటనే ఆగిపోయింది. "మీరు 'చూస్తా' అంటరు, వాళ్లు మళ్ల వస్తరు. వచ్చినప్పుడల్లా నేను మీ పళ్లెం మూస్తున్న. ఒక్కనాడన్న అయితదనో కాదనో చెప్పరాదా?"

చెప్పాలంటే తెలియాలి కదా!

ఒకనాడు మలం తారులా నల్లగా పడింది. పట్టించుకోలేదు. ఆ మధ్యాహ్నం ఆఫీసులోనే కళ్లు తిరిగి పడిపోయాను. దవాఖానలో డాక్టరమ్మ నా కనురెప్ప కిందికి లాగి చూసింది. "లోపల బ్లీడింగ్ అయితుంది. ఇంకింత ఆగితే పోతుంటిరి." బ్లడ్ ఎక్కించి, కాస్త తేరుకున్నాక హైదరాబాదుకు పంపారు. అక్కడ సుద్దనీళ్లలాంటి బేరియం మీల్ తాగించి ఎక్స్‌రే తీశారు. డ్యుయోడినల్ అల్సర్, అంటే చిన్నపేగు మొదట్లో పుండు. గంట గంటకూ పాలు, యాంటాసిడ్, బెడ్ రెస్ట్. ఒళ్లు మళ్లీ కుదుటపడింది.

మళ్లీ అదే కుర్చీ. మళ్లీ బదిలీలు. మళ్లీ నల్లటి మలం.

ఈసారి డాక్టరమ్మ కోప్పడింది. "ఇంకోసారి బ్లీడింగ్ అయితే ఆపరేషనే. బతుకుతరని గ్యారంటీ ఇయ్యలేను. మందు నేనిస్త. మరి పని ఎవరు నేర్పుతరు మీకు?"

మంచం మీద లేచి కూర్చున్నాను! దేవత కోపం కాదు, నుదుటి రాత కాదు. తెలియని పని, దానివల్ల తేలని మాట, దానివల్ల తెగని రద్దీ, దానివల్ల మాడిన కడుపు. కారణం చేతికి చిక్కింది. చిక్కిన కారణాన్ని తీసేయొచ్చు! ఆ ఆనందంలో నొప్పి కూడా మరిచిపోయాను.

నడవగలిగిన రోజునే ఆఫీసరు ముందు నిలబడ్డాను. పని నేర్చుకోవడానికి హైదరాబాదు పంపమని అడిగాను.

"నువ్వు పోతే ఈడ పని ఎవరు చేస్తరయ్యా?"

"నేను చస్తే ఎవరు చేస్తరో వాళ్లే చేస్తరు సార్."

ఆయన ఆర్డరు మీద సంతకం పెట్టి పంపాడు. అక్కడ ఒక సూపరింటెండెంటు పక్కన కూర్చుని, ఒక్కో రూలు ఎందుకు పుట్టిందో అడిగి అడిగి నేర్చుకున్నాను. చదువుకునే రోజుల తర్వాత అంత ఉత్సాహం నాకు అప్పుడే కలిగింది.

తిరిగొచ్చాక, ఇంకా మా ఇంటి చుట్టూ తిరుగుతూనే ఉన్న టేక్మాల్ పంతులుకు ఒక్క మాటలో చెప్పాను. "ఈ బదిలీ ఆగదు. కానీ అమ్మ వైద్యానికి సెలవు పెట్టుకోవచ్చు. అర్జీ గిట్ల రాయండి."

"గీ ముక్క నిరుడే చెప్తే నాకు బస్సు కిరాయన్న మిగులుతుండె సార్!" అన్నాడు. నేను కాదన్నందుకు అతను ఏడవలేదు, తేలినందుకు తేలికపడ్డాడు.

ఇప్పుడు నేను వేళకు తింటున్నాను. ఎవరు వచ్చినా తింటూనే మాట్లాడతాను. మందు ఆగింది, మంట లేదు. శనివారం సాయంత్రాలు చుట్టుపక్కల ఆఫీసుల గుమాస్తాలు మా అరుగు మీద చేరతారు. తలా ఒక చిక్కు తెస్తారు. అరుస్తాం, వాదిస్తాం, విప్పుతాం. పక్కింటివాళ్లు మొదట కొట్లాట అనుకున్నారట!

పాఠకులారా, మలం నల్లబడితే మొక్కులకూ ముహూర్తాలకూ ఆగకండి, ఆ రోజే దవాఖానకు పోండి. మీరు నావంటి కుర్చీలోనే ఉంటే, రేపు మీ అధికారి ఎదుట నిలబడి అడగండి: "ఈ పని నాకు ఎవరు నేర్పుతారు?" జవాబు వచ్చేదాకా అక్కడి నుంచి కదలకండి.