సరంగు చెయ్యి

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. ఏళ్లుగా గుండెల మీద కూర్చున్న ఈ మాట ఆదివారం ప్రార్థనలో కూడా నా పెదవి దాటలేదు. 'మా పాపములు' అని అందరితో కలిసి అనడం తేలిక. నా పాపం అనడమే కష్టం.

బందరులో నాది కంప్యూటర్లు అమర్చే షాపు. వెంకన్న సముద్రంలో పడవ నడిపే సరంగు. చుట్టరికం లేకపోయినా బావా అని పిలుచుకునేవాళ్లం. ఒకసారి వలతాడులో చిక్కి అతని కుడిచెయ్యి నలిగింది. గాయం మానింది కానీ చుక్కాని పట్టలేనేమోనన్న భయం పోలేదు. వేసవిలో చేపల వేట నిషేధమప్పుడు పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి కదా, కంప్యూటర్‌కి స్టీరింగ్ పెట్టుకుని కార్ల రేసు గేమ్ ఆడతానన్నాడు. అందులో చెయ్యి నిలబడితే మళ్లీ పడవెక్కుతాడట, లేకపోతే లేదు.

అతని పాత కంప్యూటర్లో మంచి గ్రాఫిక్స్ కార్డు బిగించాను. ప్రాసెసర్ మాత్రం పాతదే ఉంచాను. బొమ్మ బాగుంటే చాలనుకున్నాను. అన్నీ తెలిసినవాడిలా భరోసా కూడా ఇచ్చాను.

కొన్నాళ్లకు వచ్చాడు.

"ఒక్కణ్ణే తోలితే నున్నగా పోతంది బావా. కార్లన్నీ కలిసి బయల్దేరితే మలుపులో పట్టేస్తంది. నేను తిప్పాక ఎప్పటికో తిరుగుతంది. తేడా మిషన్లో ఉందా, నా చేతిలో ఉందా?"

నాకు వెంటనే అర్థమైంది. బొమ్మ గీసేది కార్డు. ఏ కారు ఎటు పోవాలో లెక్కగట్టేది ప్రాసెసర్. అన్ని కార్లు ఒకేసారి కదిలితే ఆ పాతది మోయలేక ఆగిపోతోంది. కానీ షాపులో ఇంకో ఇద్దరు కొనేవాళ్లు నిలబడి వింటున్నారు. వాళ్ల ముందు నా పని తప్పని ఎలా ఒప్పుకోను?

"మిషన్ బాగానే ఉంది బావా. చెయ్యే కాస్త ఆలస్యమవుతుందేమో."

అతను తన చేతిని చూసుకున్నాడు. "అంతేలే," అన్నాడు.

నిషేధం ముగిసింది. అతని పడవ చుక్కాని తమ్ముడు పట్టాడు. వెంకన్న ఇప్పుడు రేవులో ఐసు గడ్డలు పగలగొడుతున్నాడు. ఆ కుడిచేత్తోనే. ఒక్క దెబ్బా గురి తప్పదు.

ఆ కంప్యూటర్ నాకే తిరిగిచ్చేశాడు. ప్రాసెసర్ మార్చి ఆడి చూశాను. కార్లన్నీ కలిసినా ఎక్కడా ఆగలేదు. అప్పుడైనా ఎందుకు వెళ్లి చెప్పలేదు? తమ్ముడు కుదురుకున్నాడు కదా, ఇప్పుడెందుకు కెలకడం అని సాకు వెతుక్కున్నాను. నిజానికి నాకు సిగ్గు. నా పేరు పోతుందన్న పిరికితనం. రేవు వైపు వెళ్తే ఇప్పటికీ నవ్వుతూ పలకరిస్తాడు, ఆ నవ్వు చూడలేక తల తిప్పుకుంటాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీరు ఇవ్వగలిగింది కాదు. ఒక్కసారైనా ఈ మాట నాలోంచి బయటికి రావాలి, అంతే. తేడా అతని చేతిలో లేదు. ఆ రోజే నాకు తెలుసు.