నల్లకోడి తౌబా

మా అమ్మ నోట్లో తౌబా ఎప్పుడూ నానుతూ ఉంటుంది. పాలు పొంగినా తౌబా, సీరియల్లో కోడలు అత్తకు ఎదురు చెప్పినా తౌబా. వేళ్లతో రెండు చెంపలూ అలా తాకించుకుని మళ్లీ కూరలో గరిటె తిప్పుకుంటుంది. చేసిన తప్పుకు కుమిలిపోయి దేవుడి వైపు తిరిగి రావడమే తౌబా అని మసీదు బడిలో నేర్పారు గానీ, మా ఇంట్లో ఆ మాటకు అంత బరువెక్కడిది?

బరువు అమ్మ హజ్ ప్రయాణం ఖాయమయ్యాక వచ్చింది. వెళ్లేముందు చుట్టాలనూ ఇరుగుపొరుగునూ కలిసి 'ఏమన్నా అనుంటే మాఫ్ చేయండి' అని అడగడం మాలో ఆనవాయితీ. నెల్లూరులో మేనత్త మొదలుకుని చేపలమ్మే ఆమె దాకా అమ్మ హుషారుగా అడిగేసింది. అందరూ మాఫ్ చేసి, టీ ఇచ్చి, వచ్చేటప్పుడు ఖర్జూరాలు మర్చిపోవద్దన్నారు. పక్కింటి గడప మాత్రం అమ్మ తొక్కలేదు.

తోటపల్లి గూడూరులో మా పక్కిల్లు వరి పండించే ఒకామెది, మేం పెద్దమ్మ అని పిలుస్తాం. రెండిళ్లకూ మధ్య నడుమెత్తు గోడ. నా చిన్నప్పుడు మా నల్లకోడి కనపడకపోతే, అమ్మ ఆ గోడ దగ్గర నిలబడి 'మా కోడిని తిన్నోళ్లకు అరక్కుండా పోవాల' అని వీధంతా వినేలా తిట్టింది. పెద్దమ్మ తిరిగి ఒక్క మాట అనలేదు, మాతో మాట్లాడటమే మానేసింది. కొన్నాళ్లకు ఆ నల్లకోడి మహాతల్లి మా కట్టెల కొట్టంలోంచి పిల్లల్ని వెంటేసుకుని దర్జాగా బయటికొచ్చింది. అమ్మ చెంపలు తాకించుకుని 'తౌబా' అనేసి, కోడిని గంప కింద మూసి, మమ్మల్ని నోరెత్తొద్దంది. దేవుడితో పని అయిపోయిందనుకుంది.

ఇన్నేళ్లకు, హజ్‌కు వెళ్లేవాళ్లకు మసీదులో చెప్పిన పాఠంతో ఆమె గుండెల్లో రాయి పడింది. దేవుడి పట్ల చేసిన తప్పును దేవుడు మన్నిస్తాడు, మనిషికి చేసినదాన్ని ముందు ఆ మనిషే మన్నించాలట. "అంత దూరం పోయినాక ఆయన నా దిక్కు చూడకపోతే?" అంటూ అమ్మ సరిగ్గా అన్నం తినడం మానేసింది. మొదట నవ్వాను. తర్వాత ఒళ్లు మండింది.

"కోడి కోసం హజ్ పోగొట్టుకుంటావా? పోయి అడగరాదా," అన్నాను.

"నువ్వూ రా," అంది, బడికి పోనని మొరాయించే పిల్లలా.

పెద్దమ్మ వసారాలో చింతపండు గింజలు తీస్తోంది. మమ్మల్ని చూసి పీట ఇటు జరిపింది. అమ్మ దాని అంచున కూర్చుంది. పొద్దస్తమానం పలికే మాట అప్పుడు నోట రాలేదు. చేతులు మాత్రం చెంపల దాకా పోయి అక్కడే ఆగిపోయాయి.

"ఏందిమ్మే, లెంపలేసుకుంటా ఉండావా?" అంది పెద్దమ్మ. "మా దేవుడి కాడ మేమూ ఏసుకుంటాంలే. దేనికో చెప్పు."

"కోడి దొరికిందక్కా."

"ఎప్పుడు?"

"అప్పుడే. పిల్లల్తో వచ్చింది. నిన్ను అన్నేసి మాటలని, దొరికినాక కూడా గమ్మునుండిపోయినా. మాఫ్ చేయక్కా." అమ్మ భోరున ఏడ్చేసింది.

పెద్దమ్మ చేతిలోని గింజను తాపీగా చాటలో వేసింది. "నాకు తెల్సు. అది బయటికొచ్చిన పొద్దే గోడ మీదుగా చూసినా. ఈ పొద్దొస్తావు, రేపొస్తావు అని చూస్తానే ఉండా. ఇంత ఆలీశమా?"

"అయితే మాఫ్ చేసినట్టేనా?" అమ్మ ముక్కు తుడుచుకుంటూ అడిగింది.

"చేసేది ఆ పొద్దే చేసినా. తీసుకునేదానికి నువ్వు రావాల గదమ్మే."

మక్కా నుంచి అమ్మ వీడియో కాల్ చేసినప్పుడు నేనూ పెద్దమ్మా ఒకే పీట మీద ఉన్నాం. దేవుణ్ణి ఏమడిగావని అడిగాను.

"అడిగేదానికి నోరు రాలేదు," అంది అమ్మ. "ఆలీశంగా వచ్చినా అని మాత్రం చెప్పినా."