కర్పూరం మీద ఓటు

బి.ఏ. పాసయ్యాను! మా వంశంలో మొదటి గ్రాడ్యుయేట్‌ని నేనే! నిన్న పేపర్లో నా నంబరు చూసుకుని, అనకాపల్లిలో బస్సెక్కగానే పక్క సీట్లో ఉన్న ముసలమ్మకి చెప్పేశాను. ఆవిడెవరో నాకు తెలీదు.

"సల్లగా ఉండు నాయినా," అని నా నెత్తి మీద చెయ్యి పెట్టింది. "సదువుకున్నోడివి కదా, ఒకటి సెప్పు. మొన్న ఎలచ్చన్లప్పుడు పార్టీవోళ్లు మా ఇంటికొచ్చి, కర్పూరం ఎలిగించి, దాని మీద సెయ్యెట్టించి ఒట్టేయించేరు. నేనేమో ఓటు ఇంకో గుర్తుకేసేసేను. అప్పట్నుంచీ మనవరాలికి జొరం తగ్గనేదు. అప్పన్నసామికి తలనీలాలిచ్చుకోడానికి ఎల్తన్నాను. ఆ ఒట్టు మమ్మల్ని ఒగ్గుతాదా?"

మా ఊళ్లో పార్టీ తరఫున పదకొండు ఇళ్లలో అలాగే కర్పూరం వెలిగించింది నేనే. ఒట్టు తప్పితే పిల్లలకి కీడని బెదిరించిందీ నేనే. అదంతా ఓట్ల కోసం ఆడిన నాటకం మామ్మా అని చెబితే ఆవిడ బెంగ తీరిపోయేది.

"ఏమో మామ్మా," అన్నాను.

ఆవిడ నవ్వింది. "ఓటడిగినోడు మాత్రం కర్పూరం మీద సెయ్యెట్టనేదు బాబూ. ఆడు తెలివైనోడు."

ఆవిడ దిగేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను.

ఇంకా కబురు చెప్పాల్సినవాళ్లు ఉన్నారు. తుమ్మపాల ఫ్యాక్టరీలో గుమాస్తాగా ఉన్న మావయ్యకి ఫోన్ చెయ్యాలి. విశాఖపట్నంలో మా లెక్చరర్ గారికి ఫోన్ చెయ్యాలి. కె. కోటపాడులో అక్క కోసం అక్కడి పోస్టాఫీసుకి ఫోన్ చెయ్యాలి. ఫోన్లు లేని ఆ పదకొండు ఇళ్లకీ నడిచే వెళ్లాలి. అక్కడ ముందు ఒట్టు సంగతి చెప్పాలి, తర్వాతే పాసైన సంగతి.