ఎనిమిదో కొస

నా ఉద్యోగం ఇంకొకరు చేసిన పనిలో తప్పులు వెతకడం. హైటెక్ సిటీలో పదిహేనేళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగు చేస్తున్నాను. జీతమిచ్చి మరీ అనుమానపడమంటారు. ఇంట్లోనూ అదే బుద్ధని మా ఆయన అంటాడు. పాల ప్యాకెట్టు కూడా అటూ ఇటూ తిప్పి చూస్తానట. నిజమే, చూస్తాను.

నలభై దాటాక హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవ నడపడం నేర్చుకుని, ఒక పాత పడవ కొన్నాను. అందరూ కోకాపేటలో ఫ్లాట్లు కొంటుంటే నీకు పడవేమిటే అని కాకినాడ నుంచి మా అమ్మ ఫోన్లో అడిగింది. ఆ పడవలో తెరచాపను మోసే కొయ్యను నాలుగు వైపుల నుంచీ లాగిపట్టే స్టీలు తీగలు పాతబడ్డాయి, మార్చాలి. నాలుగు తీగలు, ఎనిమిది కొసలు. ఒక్క కొస ఊడినా కొయ్య కూలి, కింద కూర్చున్నవాళ్ళ నెత్తిన పడుతుంది.

కొసలకు బిగించే మర తొడుగులు ఆన్‌లైన్లో తెప్పించాను. బిగించే మనిషి బాలానగర్‌లో దొరికాడు. చందానగర్‌లో మా అపార్టుమెంటు గేటు బాగుచేసిన టర్నర్ అన్న. అరవై దాటాయి, సొంత షెడ్డు, ఒక లేతు మిషను. పనిలో చెయ్యి తిరిగినవాడే గానీ దగ్గరచూపు ఆనదు. కంటి ఆపరేషన్ అంటే రేపంటాడు, ఎల్లుండంటాడు.

"నా చెయ్యి, నీ కన్ను. ఇద్దరం కలిస్తె ఒక మనిషైతం చెల్లె," అన్నాడు మొదటిరోజే.

పని చూడ్డానికి తేలికే. తీగలో పంతొమ్మిది పోగులుంటాయి. ముందు తొడుగు ఎక్కించి, పైనున్న పన్నెండు పోగుల్నీ విప్పి, లోపలి ఏడింటి మీద ఒక చీలిక ఉన్న చిన్న శంకువు దూర్చాలి. ఆ పన్నెండింటినీ దాని చుట్టూ మళ్ళీ సమంగా పేర్చి తొడుగు బిగించాలి. అసలు సంగతి ఆ తర్వాతే. బిగించినదాన్ని మళ్ళీ విప్పి, పోగేదైనా చీలికలో పడిందా, ఒకదాని మీదొకటి ఎక్కిందా అని చూడాలి. బాగుంటేనే లోపలికి నీళ్ళు పోకుండా పేస్టు పెట్టి ఆఖరుసారి బిగించడం. మంచిగ బిగిసినదాన్ని మళ్ళ విప్పుడేందని అన్న మొదట్లో గొణిగాడు. తర్వాత ఒప్పుకున్నాడు.

నేను ఊరుకుంటానా, ఎక్సెల్ షీటు చేశాను. ఎనిమిది వరుసలు. చివరి గడి పేరు "విప్పి చూశాను".

రెండు ఆదివారాల్లో ఏడు కొసలయ్యాయి. ఏడింటినీ టార్చి వేసి, పోగు పోగూ లెక్కపెట్టి చూశాను. ఏడూ లక్షణంగా ఉన్నాయి. ఎనిమిదోది విప్పి అన్న నా ముందు పట్టేసరికి ఆఫీసు కాల్. సోమవారం రిలీజు, మేనేజరు పరేషాన్. ఫోన్ చెవి దగ్గర, ల్యాప్‌టాప్ ఒళ్ళో. కొసవైపు చూసి తలూపాను. చూడ్డమంటే కళ్ళు అటు తిప్పాను, అంతే. అన్న పేస్టు పెట్టి బిగించేశాడు. నేను షీట్లో ఏడో గడిలో ఉన్న "పాస్" మూల పట్టుకుని కిందికి ఒక్క లాగు లాగాను. ఎనిమిదో గడి కూడా పచ్చబడింది. ఆఫీసులో ఇంకెవరైనా ఈ పని చేస్తే అరగంట క్లాసు పీకేదాన్ని. కంచే చేను మేసింది. ఆ షీటు ప్రింటు తీసిస్తే అన్న షెడ్డు గోడకి అంటించుకున్నాడు.

తర్వాతి ఆదివారం కొయ్య నిలబెట్టి పడవని నీళ్ళలోకి తీయాలి. అన్నకి ఈత రాదు. నీళ్ళంటే బుగులని నెలరోజులుగా రానంటున్నాడు. అలాంటిది, తీగలు కార్లో సర్దుతుంటే ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు.

"నేను గూడ వస్త చెల్లె. ఇంట్ల మీ వదిన ఒద్దని ఒకటే లొల్లి. ఎనిమిదికెనిమిది మా చెల్లె కండ్లార చూసింది, కాగితం గూడ ఉంది, ఇగ ఫికర్ ఏందని చెప్పిన."

ఫతేనగర్ వంతెన దాకా తేలు కుట్టిన దొంగలా కారు నడిపాను. చెప్పకపోతే ఏమవుతుంది? బహుశా ఏమీ కాదు. ఈ "బహుశా" మీద మా ఆఫీసులో బోలెడు రిలీజులు వెళ్ళాయి. పడవలో యాడ కూసోవాలె అని అన్న అడిగాడు. కొయ్య పక్కన కూర్చోండి, అక్కడైతే ఎక్కువ ఊగదు అన్నాను. కొయ్య కూలితే పడేది సరిగ్గా అక్కడే. కారు పక్కకి తీసి ఆపాను.

"అన్నా, ఎనిమిదోది నేను చూడలేదండి."

"చూసి తలూపినవ్ గద."

"ఊపాను. చూడలేదు."

సిగ్గుతో ఆయన మొహం వైపు తిరగలేకపోయాను.

"బండి తిప్పు," అన్నాడు.

షెడ్డులో ఎనిమిదో కొస విప్పి, గట్టిపడ్డ పేస్టు బ్లేడుతో గీకాడు. ఈసారి చూశాను. పదకొండు పోగులు బాగున్నాయి. పన్నెండోది శంకువు చీలికలో పడి నలిగిపోయింది. గట్టి గాలి కొడితే ఎంతసేపు ఆగేదో తెలియదు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన గోరుతో తడుముకున్నాడు.

"నా చెయ్యి తప్పింది," అన్నాడు.

"కాదన్నా, తప్పు నాది."

"చెయ్యి తప్పుతదనే గద చెల్లె నిన్ను చూడుమన్నది."

తిట్టినా బాగుండేది. నలిగిన చోటికి అంగుళం కోసేసి, కొత్త శంకువుతో ఆ కొసని మళ్ళీ కట్టి, బిగించి, విప్పాడు. నేను టార్చి వేసి వంగాను. ఆయన గుమ్మంలోకి వెళ్ళి పక్క షెడ్డు వెల్డరుని కేకేశాడు.

"జర ఇటు రా తమ్మీ. పన్నెండు పోగులు సాఫ్‌గ ఉన్నయా చూడు."

"బరాబర్ ఉన్నయే," అన్నాడతను.

దానికి పేస్టు పెట్టి బిగించాక, మిగతా ఏడూ కార్లోంచి తెమ్మన్నాడు.

"అవి నిజంగా చూశానన్నా. ఒక్కొక్క పోగూ లెక్కపెట్టి చూశాను."

"చూసే ఉంటవ్," అన్నాడు, మొదటిదాన్ని వైస్‌లో పెట్టి పానా అందుకుంటూ.

సాయంత్రం దాకా ఆ వెల్డరు ఇంకో ఏడుసార్లు వచ్చిపోయాడు. ఏడూ బరాబరే ఉన్నాయి. టార్చి నేను పట్టాను.